న్యూయార్క్ టాక్సీ మెడాలియన్‌ను పెట్టుబడిగా కొనవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 2014లో 10 లక్షల డాలర్లు దాటిన న్యూయార్క్ యెల్లో క్యాబ్ మెడాలియన్‌ని ఇప్పుడు లక్షన్నరకే ఇప్పిస్తానని ఒక బ్రోకర్ మీకు చెప్పాడు. మీరు న్యూజెర్సీలో ఐటీ ఉద్యోగం చేస్తున్నారు, టాక్సీ నడిపే ఉద్దేశం లేదు. సగం సొంత డబ్బు, సగం అప్పు పెట్టి కొని డ్రైవర్‌కి లీజుకిస్తే నెలనెలా ఆదాయం వస్తుందని, నాలుగైదేళ్లలో ధర కూడా పెరుగుతుందని మీ ఆలోచన.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ధరకి, ఈ అప్పుతో కొనకండి. క్వీన్స్‌లో టాక్సీ యజమానుల లెక్కలు, టాక్స్ రిటర్న్‌లు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పంజాబీలు, బంగ్లాదేశీలు, పాకిస్తానీలు, అక్కడక్కడ మనవాళ్లు. ధర ఎక్కినప్పుడూ పడినప్పుడూ వాళ్ల కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. అందుకే అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి వదిలేయలేకపోతున్నాను.

మీరు కొనబోయేది ఏమిటో ముందు చూద్దాం. మెడాలియన్ అంటే టాక్సీ బానెట్‌కి బిగించే చిన్న లోహపు బిళ్ల. దాని వెనకున్నది 1937లో వచ్చిన హాస్ చట్టం. ఆర్థిక మాంద్యం రోజుల్లో పని లేనివాళ్లంతా టాక్సీ పట్టుకుని రోడ్డెక్కితే, పోటీ భరించలేని స్థాయికి వెళ్లింది. అప్పుడు నగరం టాక్సీల సంఖ్యకి పరిమితి పెట్టి, ఉన్నవాళ్లకి 10 డాలర్ల ఫీజుతో మెడాలియన్లు ఇచ్చింది. కొందరు వెనక్కిచ్చేయగా మిగిలిన 11,787 దగ్గర ఆ సంఖ్య దశాబ్దాల పాటు ఆగిపోయింది. 1996 నుంచి విడతలవారీగా వేలం వేయడంతో ఇప్పుడది 13,587. దీన్ని వేరొకరికి అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు. బ్రోకర్లు దీన్ని ఇల్లు, స్థలంతో పోల్చడానికి కారణం అదే.

కానీ స్థలానికి ఉన్న గుణం దీనికి లేదు. మెడాలియన్ ఇచ్చే హక్కు ఒక్కటే: రోడ్డు పక్కన చెయ్యెత్తిన ప్రయాణికుడిని ఎక్కించుకునే హక్కు. మన్‌హాటన్ మధ్య, దక్షిణ భాగాల్లో ఆ పని యెల్లో క్యాబ్‌లు తప్ప వేరెవరూ చేయకూడదు. ఇతరులని ఆ పని చేయనివ్వకపోవడం వల్లే దానికి విలువ. అంటే ప్రయాణికుడు చెయ్యెత్తడం మానేసి ఫోన్ తీసిన రోజున, మీ హక్కు కాగితం మీద అలాగే ఉంటుంది, దాని విలువ మాత్రం ఉండదు. సరిగ్గా అదే జరిగింది. 2014లో నగర టాక్సీ కమిషన్ (అందరూ టీఎల్‌సీ అంటారు) ప్రచురించిన లెక్కలో యెల్లో క్యాబ్‌లు రోజుకి 4,85,000 ట్రిప్పులు వేసేవి. ఇప్పుడు లక్ష పైచిలుకు. అదే సమయంలో ఊబర్, లిఫ్ట్ లాంటి యాప్ కార్లు రోజుకి ఆరు లక్షలకు పైగా ట్రిప్పులు వేస్తున్నాయి.

మీ బ్రోకర్ చూపిస్తున్న 10 లక్షల అంకె గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మీ లెక్క మొత్తం దాని మీదే నిలబడి ఉంది. "పది లక్షలు పలికినది లక్షన్నరకి వస్తోంది, ఇంకేం తగ్గుతుంది" అన్నది మీ ధైర్యం. అయితే ఆ 10 లక్షలు టాక్సీ సంపాదన మీద కట్టిన ధర కాదు. 2002లో సుమారు 2 లక్షల డాలర్లున్న మెడాలియన్ 2014కి 10 లక్షలు దాటింది. ఆ 12 ఏళ్లలో డ్రైవర్ చేతికొచ్చే సంపాదన ఐదు రెట్లు పెరిగిందా? లేదు. పెరిగింది అప్పు దొరికే సులువు.

అది ఎలా నడిచేదంటే, టాక్సీ యజమానుల కోసమే పుట్టిన కొన్ని క్రెడిట్ యూనియన్లు (సభ్యుల సహకార బ్యాంకుల్లాంటివి) ముందస్తు చెల్లింపు చాలా తక్కువ తీసుకుని, కొన్నిసార్లు అసలు తీసుకోకుండానే అప్పిచ్చేవి. మూడేళ్ల గడువు, నెలకి వడ్డీ మాత్రమే, అసలు చివర్లో ఒకేసారి. మూడేళ్లు తిరిగేసరికి ధర పెరిగి ఉండేది కాబట్టి పాత అప్పు తీర్చి పెద్ద అప్పు రాసేవాళ్లు. ఆ తేడాతో ఇంటికి డౌన్ పేమెంట్, కూతురి కాలేజీ ఫీజు, ఊళ్లో చెల్లెలి పెళ్లి. ఇంగ్లిష్ సరిగా చదవలేని మనిషి చేత యాభై పేజీల కాగితాల మీద సంతకాలు పెట్టించేవాళ్లు. మెడాలియన్ కంపెనీ పేరు మీద ఉన్నా, అప్పుకి వ్యక్తిగత హామీ మాత్రం ఆ మనిషిదే. వడ్డీ 5 శాతం అనుకున్నా 10 లక్షల మీద నెలకి 4,166 డాలర్లు వడ్డీకే పోతుంది. రోజుకి పన్నెండు గంటలు నడిపేవాడికి కూడా అది మోయలేని బరువు. అయినా బండి నడిచింది, ధర పెరుగుతున్నంత కాలం.

నగరం చేతులు కూడా శుభ్రంగా లేవు. కొత్త మెడాలియన్లు వేలం వేసినప్పుడు, బదిలీ జరిగినప్పుడు పన్నుగా, నగరానికి కోట్ల డాలర్లు వచ్చాయి. స్టాక్ మార్కెట్ కంటే మంచి పెట్టుబడి అన్న మాటతో ప్రకటనలు ఇచ్చారు. అమ్మేవాడే నియమాలు రాసేవాడు, నియమాలు రాసేవాడే ప్రకటనలు ఇచ్చేవాడు. 2019లో న్యూయార్క్ టైమ్స్ ఈ వ్యవహారమంతా బయటపెట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. 2018లో అప్పుల పాలైన టాక్సీ, లివరీ (ముందుగా పిలిపించుకునే అద్దె కార్ల) డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. మెడాలియన్ అప్పుల్లో మునిగిన మెల్రోస్, లోమ్‌టో క్రెడిట్ యూనియన్లని 2017లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ తన అధీనంలోకి తీసుకుని 2018లో మూసేసింది. వాటి నుంచి మిగిలిన వేలాది అప్పుల్ని 2020లో మార్బుల్‌గేట్ అనే పెట్టుబడి సంస్థ గంపగుత్తగా కొంది.

కాబట్టి 10 లక్షల అంకెని పక్కన పెట్టేయండి. అది తిరిగి చేరుకోవాల్సిన గమ్యం కాదు. తేలిక అప్పుల మీద లేచిన ధర, అప్పులు ఆగగానే దిగిపోయింది.

మరి న్యాయమైన ధర ఎంత? దీనికి నేను ఎప్పుడూ వాడే కొలబద్ద ఒకటుంది. 2021 శరదృతువులో డ్రైవర్లు సిటీ హాల్ ముందు 15 రోజులు నిరాహార దీక్ష చేశారు. నవంబర్ 3న ఒప్పందం కుదిరింది. అప్పుని 1,70,000 డాలర్లకి కుదించడం, ఇంకో 30,000 నగరం గ్రాంటుగా అప్పిచ్చిన సంస్థకి ఇవ్వడం, వడ్డీ 5 శాతం, గడువు 20 ఏళ్లు, నెల వాయిదా 1,122 డాలర్లు. డ్రైవర్ కట్టలేకపోతే నగరమే పూచీ. తర్వాత 2022లో వడ్డీ రేట్లు పెరగడంతో 7.3 శాతానికి మార్చారు, వాయిదా 1,234 అయింది, గడువు పెరిగింది.

ఆ 1,122 అన్న అంకె గాల్లోంచి రాలేదు. తన టాక్సీని తనే నడుపుకునే మనిషి, ఇంటి ఖర్చులు పోను నెలకి ఎంత కట్టగలడు అన్న బేరం మీద యూనియన్, నగరం, అప్పిచ్చిన సంస్థ కూర్చుని తేల్చిన అంకె అది. ఈ 80 ఏళ్లలో మెడాలియన్ మీద కట్టిన ధరల్లో సంపాదన చూసి కట్టిన ధర ఇదొక్కటే అని నా నమ్మకం.

ఇప్పుడు మీ వైపు నుంచి చూడండి. నెలకి 1,122 చొప్పున 20 ఏళ్లు వచ్చే ఆదాయానికి 5 శాతం దగ్గర విలువ 1,70,000. కానీ ఆ 5 శాతం నగరం పూచీ ఉన్న రేటు. మీకు ఎవరి పూచీ లేదు. ఇంత ఊగిసలాడిన వస్తువు మీద కనీసం 12 శాతం రావాలని మీరు కోరుకుంటే (నా దృష్టిలో అది అత్యాశ కాదు), అదే ఆదాయం విలువ సుమారు 1,02,000కి దిగుతుంది. ఇందులో ఖాళీ నెలలు, ఏజెంట్ కమీషన్, ఇతర ఖర్చులు ఇంకా తీయలేదు. అవన్నీ తీసేస్తే లక్ష కంటే కిందకే వస్తుంది. లక్షన్నర ఎక్కువ అని నేను అన్నది ఇందుకు.

అప్పు సంగతి ఇంకా తేలిక. ఉదాహరణకి మెడాలియన్ లీజు నెలకి 1,500 డాలర్లు అనుకుందాం, అసలు లీజు ఎంతో మీరు కనుక్కోవాలి. ఏడాదిలో రెండు నెలలు డ్రైవర్ దొరకలేదనుకోండి. 15,000 వస్తుంది. ఏజెంట్‌కి, లైసెన్స్ రెన్యూవల్‌కి, లెక్కలు రాసేవాళ్లకి కలిపి 3,000 పోతే 12,000 మిగులుతుంది. లక్షన్నర మీద 8 శాతం. మీరు 75,000 అప్పు 8 శాతానికి పదేళ్లకి తెచ్చుకుంటే నెలకి 910 కట్టాలి, ఏడాదికి 10,920. చేతిలో మిగిలేది వెయ్యి డాలర్ల చిల్లర. అసలు తీరుతోంది కదా అంటారు, నిజమే. కానీ ఆస్తి మీద వచ్చేది 8, అప్పు మీద పోయేది 8 అయినప్పుడు అప్పు మీకు సంపాదించి పెట్టేది ఏమీ లేదు. నష్టం వచ్చినప్పుడు మాత్రం మీ సొంత 75,000 ముందు ఎగిరిపోతుంది, ఆ తర్వాత వ్యక్తిగత హామీ పేరుతో మీ జీతం మీదికి, ఇంటి మీదికి వస్తారు.

"నడపకుండా ఆదాయం" అన్న మాట గురించి. మెడాలియన్ లీజు ప్రధానంగా రెండు రకాలు. కారు కూడా యజమానిదే అయితే డ్రైవర్ షిఫ్ట్ లెక్కనో వారం లెక్కనో లీజు కడతాడు, మరమ్మతులు మీవి. రెండోది డీఓవీ అంటారు: కారు డ్రైవర్‌దే, మీ దగ్గర నుంచి మెడాలియన్ మాత్రం వారానికింత అని తీసుకుంటాడు. మీలాంటివాళ్లకి బ్రోకర్ చూపించేది సాధారణంగా ఈ రెండోది. రెండింటిలోనూ డ్రైవర్ దగ్గర ఎంత వసూలు చేయొచ్చన్న దానికి టీఎల్‌సీ పైపరిమితి పెడుతుంది. అంటే డిమాండ్ పెరిగినా మీ ఇష్టమొచ్చినంత పెంచలేరు. డిమాండ్ తగ్గితే కింద పరిమితి ఏమీ లేదు. డ్రైవర్ దొరకకపోతే మెడాలియన్‌ని, ప్లేట్లని టీఎల్‌సీకి అప్పగించి స్టోరేజ్‌లో పెట్టాలి. కోవిడ్ సమయంలో వేల మెడాలియన్లు అలా నెలల తరబడి పడున్నాయి. లీజు లేదు, అప్పు వాయిదా మాత్రం ఆగదు.

మీ డ్రైవర్‌కి ఇంకో దారి ఎప్పుడూ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. టీఎల్‌సీ ప్లేటున్న కారుని వారం అద్దెకి తీసుకుని ఊబర్‌కో లిఫ్ట్‌కో నడుపుకోవచ్చు. ఆ అద్దె ఎంతుంటే దాని చుట్టుపక్కలే మీ లీజు తిరుగుతుంది. అందుకే యెల్లో క్యాబ్ యజమానికి అసలైన భద్రత 1937 నాటి పరిమితి కాదు, 2018 ఆగస్టులో యాప్ కార్ల కొత్త లైసెన్సుల మీద నగర కౌన్సిల్ పెట్టిన నిలుపుదల. అప్పటికి ఆ కార్లు 80,000 చేరాయి. 13,587 ఎక్కడ, 80,000 ఎక్కడ! ఆ గేటు నగరం ఎప్పుడైనా తీయగలదు. 2023 అక్టోబర్‌లో ఎలక్ట్రిక్ కార్లకి లైసెన్సులిస్తామని తలుపు కొద్దిగా తెరవగానే కొన్ని వారాల్లోనే వేల దరఖాస్తులు పడ్డాయి, డ్రైవర్ల యూనియన్ కోర్టుకి వెళితే గానీ ఆగలేదు. మీ లక్షన్నర భవిష్యత్తు అలాంటి నిర్ణయాల మీద ఉంది.

కోర్టు కాపాడుతుంది అనుకోవద్దు. షికాగోలో మెడాలియన్ యజమానులు సరిగ్గా ఈ ప్రశ్నతోనే వెళ్లారు: మాకు అమ్మిన హక్కుని ఊబర్‌కి ఉచితంగా ఇచ్చినట్టే కదా, ఇది ఆస్తి లాక్కోవడం కాదా అని. 2016లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు, న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ రాసిన తీర్పులో, కాదంది. టాక్సీ నడిపే హక్కు మీది, పోటీ లేకుండా ఉండే హక్కు మీకు ఎవరూ అమ్మలేదు అన్నది ఆ తీర్పు సారాంశం. అది న్యూయార్క్ మీద నేరుగా కట్టుబడే తీర్పు కాకపోయినా, మెడాలియన్ కొనే ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాల్సినది. డబ్లిన్‌లో 2000 సంవత్సరంలో హైకోర్టు లైసెన్సుల మీద పరిమితినే కొట్టేసింది. అప్పటిదాకా 80,000 ఐరిష్ పౌండ్ల దాకా పలికిన లైసెన్సు, కొత్తవాళ్లకి కొన్ని వేల ఫీజుకి దొరకడం మొదలైంది. తీవ్రంగా నష్టపోయిన వాళ్లకి ఒక కమిటీ సిఫార్సు మీద ఇచ్చినది కొన్ని వేల యూరోలే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2017లో పాత లైసెన్సులు రద్దు చేసి మొదటి లైసెన్సుకి లక్ష ఆస్ట్రేలియన్ డాలర్లు, ఆ తర్వాత మూడింటి వరకు ఒక్కొక్కదానికి 50,000 ఇచ్చింది. కొందరు దానికి నాలుగైదు రెట్లు పెట్టి కొన్నవాళ్లు. న్యూయార్క్ అది కూడా ఇవ్వలేదు. ఇక్కడ ఉపశమనం అప్పుల్లో ఉన్న చిన్న యజమానులకి దొరికింది. పొదుపు డబ్బంతా పెట్టి అప్పు లేకుండా కొన్నవాళ్ల చేతికి ఏమీ రాలేదు. ఆ అన్యాయం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దగ్గరికి వచ్చే ఒకాయన రిటైర్మెంట్ మొత్తం అందులోనే పోయింది.

ప్రమాదాల విషయం బ్రోకర్ మీకు చెప్పి ఉండడు. న్యూయార్క్ వాహన చట్టం ప్రకారం అనుమతితో కారు నడిపిన డ్రైవర్ తప్పుకి కారు యజమాని కూడా బాధ్యుడు. కారు మీ పేరు మీదో మీ కంపెనీ పేరు మీదో ఉంటే, మీరు న్యూజెర్సీ ఎడిసన్‌లో నిద్రపోతున్నా మన్‌హాటన్‌లో జరిగిన యాక్సిడెంట్ మీ మీదికి వస్తుంది. పాత ఫ్లీట్ యజమానులు ఒక్కో కంపెనీలో రెండేసి మెడాలియన్లు మాత్రమే పెట్టడం వెనక ఇదే భయం. 1966లో వాకోవ్‌స్కీ వర్సెస్ కార్ల్‌టన్ కేసు ఇక్కడి లా స్కూళ్లలో ఇప్పటికీ చెబుతారు. పది కంపెనీలు, ఒక్కో దాంట్లో రెండు టాక్సీలు, చట్టం అడిగిన కనీస ఇన్సూరెన్స్. గాయపడిన పాదచారి ఆ కంపెనీలన్నింటి వెనకున్న మనిషిని పట్టుకోబోతే, దావా రాసిన తీరు చాలదని కోర్టు ఒప్పుకోలేదు. అలా అని మీరు ధైర్యంగా ఉండాల్సిన పని లేదు. మీకు కావాల్సింది సరిగ్గా నడిపించే కంపెనీ, కనీసం కంటే ఎక్కువ ఇన్సూరెన్స్, ఒక మంచి లాయర్. ఈ మూడిటికీ డబ్బవుతుంది, పై లెక్కలో నేను అవి వేయలేదు.

పన్నుల గురించి రెండు మూడు ముక్కలు. ప్రభుత్వం ఇచ్చే లైసెన్స్ కాబట్టి మెడాలియన్ ధరని 15 ఏళ్లకి విభజించి ఏటా ఖర్చుగా రాసుకోవచ్చు. లక్షన్నరకి ఏటా 10,000. వినడానికి బాగుంటుంది, కానీ మీరు పనిలో లేని యజమాని అయితే నష్టం వచ్చినా దాన్ని మామూలుగా మీ ఐటీ జీతం మీద తగ్గించుకోలేరు. లాభానికి అమ్మితే, రాసుకున్న ఆ ఖర్చు మేరకు మామూలు ఆదాయంగా పన్ను పడుతుంది. ఇంకొకటి, అప్పు మాఫీ అయితే మాఫీ అయిన మొత్తం ఆదాయంగా లెక్కకి వస్తుంది, మినహాయింపులు వర్తించకపోతే. చాలామంది డ్రైవర్లకి అప్పు తగ్గిందన్న సంతోషం ఆ పన్ను కాగితం చూశాక టెన్షన్‌గా మారింది. ప్రతి ట్రిప్పు మీద ఎంటీఏకి (సబ్‌వే, బస్సులు నడిపే సంస్థ) కట్టాల్సిన 50 సెంట్ల పన్ను బాధ్యత కూడా మెడాలియన్ యజమానిదే. ఏజెంట్‌ని పెట్టుకుని కట్టించవచ్చు, కానీ ఏజెంట్ ఎగ్గొడితే నోటీసు మీకు వస్తుంది.

మంచి వైపు లేదా అంటే ఉంది. 2022 డిసెంబర్‌లో పదేళ్ల తర్వాత మీటర్ ఛార్జీలు పెరిగాయి, జేఎఫ్‌కే విమానాశ్రయం ఫ్లాట్ ఛార్జీ 52 నుంచి 70 డాలర్లయింది. అదే ఏడాది ఊబర్ తన యాప్‌లో యెల్లో క్యాబ్‌లని కూడా చూపించడానికి ఒప్పుకుంది, దాంతో ఖాళీగా తిరిగే సమయం కొంత తగ్గింది. 2025 జనవరిలో మొదలైన కంజెషన్ ఛార్జీలో (మన్‌హాటన్ రద్దీ ప్రాంతంలోకి వచ్చే వాహనాల మీద రుసుము) టాక్సీ ట్రిప్పుకి 75 సెంట్లు, యాప్ కారుకి డాలరున్నర, అదీ ఒక చిన్న ఊరట. అయితే 2025లోనే డ్రైవర్ లేని కార్లు చేసే వేమో కంపెనీకి మన్‌హాటన్, బ్రూక్లిన్ వీధుల్లో తన కార్లు పరీక్షించుకునే అనుమతి వచ్చింది, స్టీరింగ్ దగ్గర మనిషి ఉండాలన్న షరతుతో. ఆ షరతు ఎన్నాళ్లుంటుందో 20 ఏళ్ల లెక్క వేసుకునే మనిషి ఆలోచించుకోవాలి.

ఇవన్నీ అయ్యాక నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే. మీరు లక్షన్నర పెట్టినా, రెండు లక్షలు పెట్టినా, ఆ డబ్బు మీద వడ్డీ తెచ్చేది ఒక మనిషి వెన్నెముక. ఉదయం నాలుగింటికి లేచి, బాత్రూమ్ కోసం చోటు వెతుక్కుంటూ, రోజంతా ట్రాఫిక్‌లో కూర్చునే మనిషి. అతని సంపాదనలో మొదటి భాగం మీది, తర్వాత పెట్రోలు, ఇన్సూరెన్స్, కారు వాయిదా, చివరికి మిగిలితే అతని ఇల్లు. ధర ఎక్కువ పెట్టి కొన్న యజమాని లీజు తగ్గించలేడు, తగ్గించలేని లీజు డ్రైవర్ నిద్రని తినేస్తుంది. 2014కి ముందు జరిగిందంతా ఇదే. తక్కువ ధరకి, అప్పు లేకుండా కొన్నవాడు మాత్రం చెడ్డ నెలలో "ఈసారి సగం కట్టు, పర్లేదు" అనగలడు. అలాంటి యజమాని దగ్గర డ్రైవర్ ఏళ్ల తరబడి నిలబడతాడు, ఖాళీ నెలలు ఉండవు. నేను లెక్కలు చూసినవాళ్లలో ఈ కష్టకాలాన్ని దాటినవాళ్లు దాదాపు అందరూ ఈ రకమే, లేదా తమ టాక్సీ తామే నడుపుకునేవాళ్లు.

అందుకే ఇదే ప్రశ్న ఒక డ్రైవర్ అడిగితే నా జవాబు వేరేగా ఉండేది. పదేళ్లుగా వేరేవాళ్లకి లీజు కడుతున్న మనిషి, తనే నడుపుకోవడానికి, లక్ష లోపు ధరకి, చిన్న అప్పుతో కొంటానంటే నేను కాగితాలు చూసి పెడతాను. అతనికి అది అద్దె మానేసి సొంత గూడు కట్టుకోవడం. మీకు అది, మీకు తెలియని వ్యాపారంలో మీ చేతిలో లేని నియమాల మీద వేసే పందెం.

అయినా కొనాలనే ఉంటే, బ్రోకర్ మాట మీద కాకుండా కాగితాల మీద కొనండి. టీఎల్‌సీ తన వెబ్‌సైట్‌లో మెడాలియన్ బదిలీల ధరలు పెడుతుంది. సగటు చూసి ఆగిపోకండి, ఒక్కో బదిలీ చూడండి. కొన్ని జప్తు అమ్మకాలు, కొన్ని వారసత్వం, కొన్ని ఇంట్లోవాళ్ల మధ్య సున్నాకి జరిగినవి. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య, డబ్బు చేతులు మారిన బదిలీలే మీకు పనికొచ్చే ధర. మీకు చూపిస్తున్న మెడాలియన్ మామూలుదా, వీల్‌చైర్ కార్లకి మాత్రమే పరిమితమైనదా అడగండి. రెండోదైతే కారు ఖరీదెక్కువ, మెడాలియన్ ధర తక్కువుండాలి. అమ్మేది మెడాలియనా, మెడాలియన్ ఉన్న కంపెనీ షేర్లా అన్నది ఇంకా ముఖ్యం. షేర్లు కొంటే ఆ కంపెనీ పాత యాక్సిడెంట్ కేసులు, పన్ను బకాయిలు కూడా మీతో ఇంటికొస్తాయి. ఆ మెడాలియన్ మీద ఎవరి తాకట్టైనా నమోదై ఉందేమో, పెండింగ్ దావాలు ఉన్నాయేమో లాయర్ చేత వెతికించండి. బ్రోకర్ సిఫార్సు చేసిన లాయర్ వద్దు. అప్పు, ఇన్సూరెన్స్, లీజు ఏజెన్సీ, లాయర్, అన్నీ ఒకే గదిలో దొరికే చోట సంతకం పెట్టకండి.

అన్నిటికంటే ముందు ఆ మెడాలియన్ మీద గత రెండేళ్లలో నెలనెలా వచ్చిన లీజు రసీదులు, స్టోరేజ్‌లో ఉన్న నెలల వివరం, ఇప్పుడు నడుపుతున్న డ్రైవర్‌తో ఉన్న లీజు ఒప్పందం కాపీ అడగండి. వీలైతే ఆ డ్రైవర్‌తో ఒక గంట కూర్చుని మాట్లాడండి, అతనికి తెలిసినంత బ్రోకర్‌కి తెలియదు. ఇవి ఇవ్వడానికి అమ్మేవాళ్లు వెనకాడితే అక్కడితో వదిలేయండి. ఇస్తే, పేర్లు తీసేసి అంకెలు ఇక్కడ పెట్టండి, ఆ మెడాలియన్‌కి ఎంతవరకు పెట్టొచ్చో లెక్క వేసి చెబుతాను.